ఇంగ్లండ్‌లో వీధి కలెక్షన్ పర్మిట్లు: కౌన్సిల్ ఏ తేదీ ఎవరికిస్తుంది, ఎందుకిస్తుంది?

మీరు అడిగింది ఇది. మిడ్‌లాండ్స్‌లో ఒక చిన్న ఊళ్ళో మీ తెలుగు సంఘం ఉంది. ఆంధ్రా తీరంలో తుపానుకి నష్టపోయిన కుటుంబాలకి సగం, మీ ఊరి ఫుడ్‌బ్యాంక్‌కి సగం ఇద్దామనుకుని, డిసెంబరులో ఒక శనివారం హైస్ట్రీట్‌లో డబ్బాలు పట్టుకుని నిలబడదామనుకున్నారు. నవంబరు మొదట్లో కౌన్సిల్‌కి రాస్తే "డిసెంబరు శనివారాలన్నీ అయిపోయాయి" అని రెండు వాక్యాల్లో జవాబొచ్చింది. ఏటా అవే సంస్థలు కనిపిస్తున్నాయి, వీళ్ళు ఎవరికివ్వాలో ఎలా తేలుస్తారు, మనలాంటి చిన్నవాళ్ళకి ఇస్తారా, లేక మన పేర్లు చూసి పక్కన పెట్టారా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. చాలా కౌన్సిళ్ళలో ఇది ఎవరి చారిటీ గొప్పది అనే పోటీ కాదు. ఆ తేదీ ముందు ఎవరడిగారు అన్నదే లెక్క. మామూలుగా ఒక ఊరికి ఒక రోజుకి ఒకటే కలెక్షన్. ఖాళీగా ఉంటే ముందు అడిగినవాళ్ళకి ఇస్తారు. కొన్ని తేదీలు ఏటా అడిగేవాళ్ళకి దాదాపు ఖాయమైపోయి ఉంటాయి, డిసెంబరు శనివారాలు వాటిలో మొదటివి. అంటే మీకు లేదన్నది పర్మిట్ కాదు, ఆ తేదీ. ఫిబ్రవరి తేదీనో జూన్ తేదీనో అడిగి ఉంటే బహుశా ఇచ్చేవాళ్ళు, వారం మధ్యలో రోజు అడిగితే డిసెంబరులోనే ఇచ్చేవాళ్ళేమో.

నేను ఇంగ్లండ్‌లో ఒక జిల్లా కౌన్సిల్ లైసెన్సింగ్ విభాగంలో చాలా ఏళ్ళు ఈ అర్జీలు చూశాను. ఇప్పుడు చిన్న సంస్థలకి ఈ కాగితాల పనిలో సాయం చేస్తుంటాను. కాబట్టి ఇది బల్లకి రెండు వైపులా కూర్చుని చూసిన మాట.

దీని వెనక ఉన్న చట్టం 1916 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికుల పేరు మీద, శరణార్థుల పేరు మీద వీధుల్లో చిన్న చిన్న కాగితపు జెండాలు అమ్మి డబ్బు వసూలు చేయడం విపరీతంగా పెరిగింది. వాటిలో నిజమైనవీ ఉన్నాయి, దొంగవీ ఉన్నాయి. అప్పుడు పోలీస్, ఫ్యాక్టరీస్ అని మొదలయ్యే ఒక కలగాపులగం చట్టంలో ఐదో సెక్షన్ పెట్టి, వీధుల్లో చందాల వసూలు మీద నిబంధనలు చేసే అధికారం స్థానిక అధికారులకిచ్చారు. 1974లో ఒక నమూనా నిబంధనల పట్టిక వచ్చింది. ఇవాళ ఇంగ్లండ్, వేల్స్‌లో చాలా కౌన్సిళ్ళు దాదాపు అక్షరం పొల్లు పోకుండా దాన్నే పాటిస్తున్నాయి. 1992లో ఒకసారి, 2006లో ఇంకోసారి చారిటీల చట్టాల్లో కొత్త పద్ధతి రాశారు గానీ ఆ భాగాలు అమల్లోకి రాలేదు. అందుకే కాంటాక్ట్‌లెస్ కార్డుల కాలంలో కూడా మీ ఫారంలో "పెట్టెల సంఖ్య ఎంత, సీల్ వేశారా" అని అడుగుతారు.

ఈ పాత చట్టం వల్ల మీకు తగిలే అసలు విషయం ఏంటంటే, తేదీలు ఎలా పంచాలో అందులో ఎక్కడా లేదు. పర్మిట్ ఉండాలంటుంది, నెల ముందు అడగాలంటుంది, రోజు, గంటలు, ఏ వీధులు అన్నది కౌన్సిల్ రాసివ్వొచ్చంటుంది. ఇద్దరు ఒకే శనివారం అడిగితే ఎవరికివ్వాలన్నది కౌన్సిల్ ఇష్టం. ఆ ఇష్టాన్ని ఒక్కో కౌన్సిల్ ఒక్కో విధానంగా రాసుకుంది. కొన్ని వెబ్‌సైట్‌లో శుభ్రంగా పెడతాయి, కొన్నిచోట్ల అది ఆఫీసర్ బుర్రలో మాత్రమే ఉంటుంది. అందుకని పక్క జిల్లాలో ఉన్న మీ స్నేహితుడి అనుభవం మీ ఊరికి పనికొస్తుందని అనుకోకండి.

అయినా కొన్ని సంగతులు చాలాచోట్ల ఒకేలా ఉంటాయి. మా ఆఫీసులో ఎలా ఉండేదో చెప్తాను, మీకు బొమ్మ కడుతుంది. కంప్యూటర్‌లో ఒక పట్టిక ఉండేది. పైన వరుసగా ఊళ్ళ పేర్లు, ఎడమ పక్కన ఏడాది పొడుగునా తేదీలు. శనివారం గడులన్నీ ముదురు రంగులో ఉండేవి. అర్జీ రాగానే మేం చారిటీ పేరు కన్నా ముందు చూసేది ఆ గడి ఖాళీగా ఉందా లేదా అని. ఖాళీ ఉంటేనే మిగతా కాగితాలు తెరిచేవాళ్ళం. లేకపోతే "ఈ తేదీ లేదు, వేరేది చెప్పండి" అని జవాబు. మీకొచ్చిన రెండు వాక్యాల జవాబు సరిగ్గా అలాంటిదే. మీ పేర్లు చదివే దాకా కూడా వెళ్ళి ఉండరు.

మన దగ్గర మాఘమాసంలో ఫంక్షన్ హాల్ దొరకడం ఎంత కష్టమో ఇక్కడ డిసెంబరు శనివారం అంత కష్టం. వచ్చే ఏడాది పట్టిక ఎప్పుడు తెరుస్తారో తెలిసినవాళ్ళు ఆ రోజే మెయిల్ పంపేస్తారు. కొన్ని కౌన్సిళ్ళు సెప్టెంబరు, అక్టోబరుల్లో తర్వాతి ఏడాదికి అర్జీలు తీసుకోవడం మొదలుపెడతాయి, కొన్ని జనవరిలో, కొన్ని ఏడాదంతా ఎప్పుడైనా. పెద్ద చారిటీలకి ఇదే పనిగా చూసే మనిషి ఉంటారు. దేశంలో ఉన్న కౌన్సిళ్ళ గడువులన్నీ వాళ్ళ దగ్గర రాసుంటాయి. ఏటా అవే పేర్లు కనపడటానికి పెద్ద కారణం ఇదే. కౌన్సిల్ వాళ్ళని ఇష్టపడటం కాదు, వాళ్ళు సమయానికి అడుగుతారు, సమయానికి లెక్కలు పంపుతారు.

ఖాయమైపోయిన తేదీల సంగతి. అక్టోబరు చివర నుంచి నవంబరు 11 దాకా, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే స్మారక ఆదివారం దాకా, మాజీ సైనికుల చారిటీ అయిన రాయల్ బ్రిటిష్ లీజియన్ వాళ్ళ పాపీ అప్పీల్ ఉంటుంది, ఎర్ర గసగసాల పువ్వు బ్యాడ్జీలిచ్చి చందాలు తీసుకుంటారు. ఆ రెండు వారాలూ చాలా కౌన్సిళ్ళు ఇంకెవరికీ ఇవ్వవు. మార్చిలో మేరీ క్యూరీ అనే చారిటీ వాళ్ళ డ్యాఫొడిల్ పువ్వు కలెక్షన్లు చాలా ఊళ్ళలో వరుసగా ఉంటాయి. డిసెంబరులో సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్, రోటరీ, లయన్స్ వాళ్ళ శాంటా బండి, చర్చి వాళ్ళ కేరల్ పాటలు, ఊరి హాస్పిస్ (చివరి దశ రోగుల్ని చూసుకునే చోటు). ఇవి పట్టిక తెరవకముందే సగం నిండిపోయినట్టే. న్యాయమా అంటే, పాపీ వారాల విషయంలో నాకు అభ్యంతరం లేదు, ఆ ఊరివాళ్ళే ఆ వారంలో ఇంకో డబ్బా చూడటానికి ఇష్టపడరు. డిసెంబరు విషయంలో మాత్రం ఒక్క శనివారమైనా కొత్తవాళ్ళ కోసం ఖాళీగా ఉంచాలని నేను ఆఫీసులో ఉన్నప్పుడూ గట్టిగా చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తాను. కొన్ని కౌన్సిళ్ళు ఈ ఇబ్బంది గమనించి డిసెంబరు తేదీలకి చీటీలు తీస్తాయి, కొన్ని "పోయినేడు డిసెంబరు తీసుకున్నవాళ్ళకి ఈ ఏడు లేదు" అంటాయి. మీ కౌన్సిల్‌లో అలాంటిది లేకపోతే మీ వార్డు కౌన్సిలర్‌ని కలిసి విధానం మార్చమని అడగండి. ఇలాంటి చిన్న విధానాలు మార్చడానికి పార్లమెంటు అక్కర్లేదు, లైసెన్సింగ్ కమిటీ చాలు.

ఇంకా ఏం చూస్తారు? ఒక సంస్థకి ఒక ఊళ్ళో ఏడాదికి ఒకటో రెండో మించి ఇవ్వకపోవడం మామూలు. స్థానిక సంస్థలకి ముందు ఇస్తామని రాసుకున్న కౌన్సిళ్ళు ఉన్నాయి. వసూలైనదాంట్లో ఎంత శాతం సేవకి వెళ్తుంది, ఎంత ఖర్చుల కింద పోతుంది అన్నది చూస్తారు, దానికి కనీస శాతం పెట్టుకున్నవీ ఉన్నాయి. పాత బకాయి ఉందా, అంటే పోయినసారి లెక్క పంపలేదా అన్నది తప్పకుండా చూస్తారు. మీ సంఘానికి చారిటీ నంబర్ లేదని భయపడొద్దు. ఏడాది ఆదాయం 5,000 పౌండ్లు దాటని చిన్న చారిటీలు చాలావరకు చారిటీ కమిషన్ (చారిటీల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) దగ్గర నమోదు కానక్కర్లేదు, చట్టం కూడా "చారిటీ లేదా ఇతర ప్రయోజనాల కోసం" అంటుంది. కాకపోతే నంబర్ లేనివాళ్ళని నియమావళి, బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, డబ్బు అందుకునే సంస్థ ఇచ్చిన ఉత్తరం ఎక్కువగా అడుగుతారు. అది అనుమానం కాదు, వాళ్ళకి వెతికి చూసుకోవడానికి కమిషన్ రిజిస్టర్‌లో మీ పేరు లేదు కాబట్టి.

ఆ ఉత్తరం మర్చిపోకండి. మీరు ఫుడ్‌బ్యాంక్ కోసం వసూలు చేస్తున్నారంటే, "వీళ్ళు మా కోసం చేస్తున్నారు, మాకు తెలుసు" అని ఫుడ్‌బ్యాంక్ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. చిన్న సంఘాల అర్జీలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. రంగు, యాస, పేరు చూసి పక్కన పెట్టడం నేను పనిచేసిన చోట చూడలేదు. ఎక్కడా జరగదని మాత్రం హామీ ఇవ్వలేను. మీకు నిజంగా అనుమానం ఉంటే అడగడానికి మంచి పద్ధతి ఒకటుంది. సమాచార హక్కు కింద "గత మూడేళ్ళలో ఈ ఊళ్ళో ఏ తేదీ ఏ సంస్థకిచ్చారు, ఎవరికి తిరస్కరించారు, కారణమేంటి, మీ విధానం కాపీ" అని అడగండి. 20 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. చాలా కౌన్సిళ్ళు ఇచ్చిన పర్మిట్ల జాబితా వెబ్‌సైట్‌లోనే పెడతాయి, అది చూస్తే మీ ఊళ్ళో ఏ నెల ఖాళీగా ఉంటుందో కూడా తెలిసిపోతుంది. నేనైతే అర్జీ రాసేముందు అదే చూస్తాను.

తిరస్కరిస్తే అప్పీలు చేయొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. వీధి కలెక్షన్‌కి చట్టంలో అప్పీలు లేదు. ఇంటింటికీ తిరిగే కలెక్షన్ వేరే చట్టం, 1939 నాటిది, దానికి ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు, 14 రోజుల్లోపల. వీధి విషయంలో మిగిలేవి కౌన్సిల్ ఫిర్యాదు పద్ధతి, లేదా హైకోర్టులో న్యాయ సమీక్ష. ఒక శనివారం కోసం హైకోర్టుకి ఎవరూ వెళ్ళరు, వెళ్ళకూడదు కూడా. ఇంకో తేదీ అడగడమే తెలివైన పని.

ఎలా అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే అడిగే తీరు వల్లే సగం పని అవుతుంది. ఒక్క తేదీ రాయకండి. ఇష్టం కొద్దీ వరుసగా మూడు రాయండి, వాటిలో ఒకటి వారం మధ్యలోది పెట్టండి, ఒకటి పక్క చిన్న ఊరికి పెట్టండి. "ఏ తేదీ అయినా ఫరవాలేదు" అని మాత్రం రాయొద్దు. వినడానికి సర్దుకుపోయేవాళ్ళలా అనిపిస్తుంది గానీ, ఆఫీసర్ మీ తరఫున పట్టికలో వెతకాలి, ఆయనకి ఆ రోజు టాక్సీ లైసెన్సులు, పబ్ లైసెన్సులు గుట్టలుగా ఉంటాయి, మీది అడుగుకి పోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక చిన్న అంధుల సంఘం వాళ్ళు ఎప్పుడూ ఊళ్ళో సంత జరిగే గురువారమే అడిగేవాళ్ళు. శనివారం కోసం అందరూ కొట్టుకుంటుంటే వీళ్ళకి ఏటా ఖాళీగా దొరికేది. సంతకొచ్చే పెద్దవాళ్ళ దగ్గర చిల్లర ఉంటుంది, తొందర ఉండదు, ఆగి నాలుగు మాటలు మాట్లాడి వేస్తారు. పక్క వారం శనివారం నిలబడిన సంస్థ కన్నా వీళ్ళకి ఎక్కువ వచ్చిన ఏడాదులు ఉన్నాయి.

ఇంకోటి, రద్దయిన తేదీలు. బుక్ చేసుకున్నవాళ్ళలో కొందరికి చివర్లో వాలంటీర్లు దొరకరు, మానేస్తారు. "ఎవరైనా మానుకుంటే మాకు చెప్పండి, వారంలో మేం సిద్ధం" అని ఒక లైను రాసిన సంస్థ పేరు మేం పట్టిక పక్కనే రాసుకునేవాళ్ళం. మీకిప్పుడు కూడా ఇది పనిచేయొచ్చు, ఇవాళే రాయండి.

నెల ముందు అడగాలన్న నిబంధనని కౌన్సిల్ ప్రత్యేక కారణం ఉంటే తగ్గించొచ్చు, అది నమూనా నిబంధనల్లోనే ఉంది. పెద్ద విపత్తులప్పుడు దీన్ని వాడతారు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియా భూకంపం వచ్చినప్పుడు డిజాస్టర్స్ ఎమర్జెన్సీ కమిటీ (పెద్ద సహాయ చారిటీలు కలిసి చందాలు అడిగే సంస్థ) అప్పీల్ మొదలైంది. అలాంటి అప్పీల్ నడుస్తుంటే కౌన్సిల్‌కి పని తేలిక, డబ్బు ఎక్కడికి పోతుందో వాళ్ళు మళ్ళీ విచారించక్కర్లేదు. ఆంధ్రాలో వచ్చే ప్రతి తుపానుకీ అలాంటి జాతీయ అప్పీల్ ఉండదు. కాబట్టి మీరు అత్యవసరం అని అడిగేటప్పుడు, డబ్బు అందుకునే సంస్థ ఏది, ఏ దారిలో పంపుతారు అన్నది ఒక పేజీలో స్పష్టంగా రాసి జతచేయండి. అది చూసి ఆఫీసర్ మనసు మారడం నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ మన తెలుగు సంఘాలకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. ఇక్కడ వసూలైన డబ్బు ఇండియాలో ఏదైనా స్వచ్ఛంద సంస్థకి పంపాలంటే, ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ (ఇండియా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2010 నాటి చట్టం ఇది. 2020 సవరణతో ఆ విదేశీ విరాళం ముందు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఆ సంస్థ తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి, అక్కడ అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి కూడా వీల్లేదు. "మా ఊళ్ళో మా బాబాయి యువజన సంఘం ఉంది, వాళ్ళకి పంపితే వాళ్ళే పంచుతారు" అన్న ప్లాన్ ఇక్కడే ఆగిపోతుంది. బాబాయి ఎంత నిజాయితీపరుడైనా ఆయన్ని చిక్కుల్లో పెట్టినవాళ్ళవుతారు. డబ్బాలు ఎత్తకముందే ఆ సంస్థ ఎఫ్‌సీఆర్ఏ పత్రం తెప్పించుకోండి, గడువు తేదీ చూడండి, ఆ కాపీనే కౌన్సిల్ అర్జీకి పెట్టండి. లేదంటే ఇండియాలో ఇప్పటికే పనిచేస్తున్న ఒక బ్రిటన్ చారిటీ తరఫున వసూలు చేసి వాళ్ళకే ఇచ్చేయండి. చిన్న సంఘాలకి నేనిచ్చే సలహా రెండోదే.

తుపానుకి సగం, ఫుడ్‌బ్యాంక్‌కి సగం అన్న ఆలోచన బాగుంది గానీ పర్మిట్ దగ్గర బరువవుతుంది. రెండు సంస్థల ఉత్తరాలు కావాలి, డబ్బా మీద రెండు పేర్లూ స్పష్టంగా ఉండాలి, లెక్కలో విడదీసి చూపాలి. ఆపి అడిగినవాళ్ళకి వాలంటీర్ ఒక్క ముక్కలో చెప్పగలగాలి. నన్నడిగితే ఈ శీతాకాలం ఫుడ్‌బ్యాంక్‌కి వారం మధ్యలో ఒక రోజు తీసుకోండి. తుపాను కోసం సంఘం లోపలే, హాల్లో భోజనాల కార్యక్రమం పెట్టి వసూలు చేయండి. హాల్ లోపల చేసేదానికి వీధి పర్మిట్ అక్కర్లేదు.

సూపర్‌మార్కెట్ సంగతి కూడా ఇదే. స్టోర్ లోపల, షాపింగ్ సెంటర్ లోపల, రైల్వే స్టేషన్‌లో అయితే ముందు ఆ యజమాని అనుమతి కావాలి. స్టోర్ తలుపు బయట, జనం స్వేచ్ఛగా నడిచే జాగా అయితే అది "పబ్లిక్ ప్లేస్" కిందికి రావొచ్చు, అప్పుడు కౌన్సిల్ పర్మిట్ కూడా కావాలి. గీత ఎక్కడుందో అన్నది మేనేజర్ మాట మీద వదిలేయకుండా కౌన్సిల్‌కి ఒక మెయిల్ పెట్టి తేల్చుకోండి. సూపర్‌మార్కెట్లకి సొంత పట్టికలుంటాయి, వాటికీ డిసెంబరు ముందే నిండుతుంది, కానీ జనవరి, ఫిబ్రవరి ఎవరూ అడగరు.

పర్మిట్ చేతికొచ్చాక రోజు ఎలా నడపాలో చాలామంది పట్టించుకోరు, తర్వాతి ఏడాది తేదీ దాని మీదే ఆధారపడి ఉంటుందని తెలియక. నమూనా నిబంధనల ప్రకారం వసూలు చేసేవాళ్ళు ఒకచోట నిలబడాలి, తిరగకూడదు. ఒకరో, జంటగా ఇద్దరో నిలబడితే, తర్వాతి వాళ్ళు 25 మీటర్ల దూరంలో ఉండాలి. ఎవరి దారికీ అడ్డం పడకూడదు, వెంటపడి అడగకూడదు. 16 ఏళ్ళ లోపు పిల్లల చేతికి డబ్బా ఇవ్వకూడదు. కొన్ని కౌన్సిళ్ళు తల్లిదండ్రులతో ఉంటే సడలిస్తాయి, పర్మిట్ మీద చూసుకోండి. పిల్లలకి పట్టు పరికిణీలు వేసి నిలబెడితే జనం ఆగుతారన్నది నిజమే, నిలబెట్టండి, డబ్బా మాత్రం పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. కోలాటం వేస్తూ హైస్ట్రీట్ పొడుగునా నడుస్తామంటే ఊరేగింపుకి నిబంధన సడలింపు ముందే రాయించుకోవాలి. ప్రతి వాలంటీర్ దగ్గరా సంఘం సంతకంతో అధికార పత్రం ఉండాలి, పోలీసో కౌన్సిల్ ఆఫీసరో అడిగితే చూపాలి. డబ్బాలకి వరస నంబర్లు, సీల్ వేసిన మూత, పైన సంస్థ పేరు. మూత లేని బకెట్ పట్టుకొస్తే నేను చూసిన ప్రతి ఆఫీసరూ ముందు దాన్నే పట్టుకుంటారు. వసూలు చేసినవాళ్ళకి అందులోంచి జీతం ఇవ్వకూడదు. టేబుల్, టెంటు వేస్తే దానికి వేరే అనుమతి, బీమా అడగొచ్చు. లడ్డూలు, దీపాలు అమ్మి చారిటీకి ఇస్తామన్నా అది కూడా ఇదే పర్మిట్ కిందికొస్తుంది, తినే పదార్థాలైతే ఇంకో విభాగం వాళ్ళు వస్తారు. పర్మిట్ లేకుండా చేస్తే జరిమానా 200 పౌండ్ల దాకా ఉంటుంది. అది చిన్నదే గానీ, ఆ పేరు పట్టికలో ఎర్రగా పడుతుంది.

పర్మిట్‌కి ఫీజు లేదు. ఈ కలెక్షన్‌కి ఫీజు వసూలు చేసే అధికారం చట్టం ఇవ్వలేదు. ఎవరైనా మధ్యవర్తి "పర్మిట్ ఇప్పిస్తా, ఇంత ఇవ్వండి" అంటే నమ్మకండి.

ఇక లెక్క పంపడం. కలెక్షన్ జరిగిన రోజు నుంచి నెలలోపల ఫారం పంపాలి. ఏ డబ్బాలో ఎంత, ఎవరెవరు వసూలు చేశారు, ఖర్చులెంత, చారిటీకి ఎంత వెళ్ళింది, స్వతంత్రంగా ఒకరి సంతకం. డబ్బా విప్పేటప్పుడు బాధ్యుడితో పాటు ఇంకో నమ్మకమైన మనిషి ఉండాలి. సాయంత్రం ఎవరింట్లోనో డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి నాణేలు కుప్ప పోస్తారు కదా, అప్పుడే ఒక్కో డబ్బా నంబర్ రాసుకుని, ఆ డబ్బా మొత్తం రాసి, ఇద్దరూ సంతకం పెట్టాకే తర్వాతిది విప్పండి. అన్నీ కలిపేశాక నంబర్ల వారీ లెక్క ఎవరూ చెప్పలేరు. బ్యాంకు సంచుల్లో 20 పెన్సులవి పది పౌండ్లకి, 10 పెన్సులవి ఐదు పౌండ్లకి, ఒక పౌండు నాణేలు ఇరవైకి సంచి కట్టాలి, వేరేలా కడితే కౌంటర్‌లో వెనక్కిస్తారు. కొన్ని బ్యాంకులు చిల్లరకి చార్జీ వేస్తాయి, ముందే కనుక్కోండి. కార్డు మెషీన్ మీద వచ్చింది వేరే వరసలో చూపండి, దాని కమిషన్ ఖర్చుల్లో రాయండి. మెషీన్ వాడతామని అర్జీలోనే చెప్తే ఆఫీసర్‌కి ఇబ్బంది ఉండదు.

లెక్క పంపని సంస్థలే ఎక్కువగా తేదీలు పోగొట్టుకుంటాయి. వాన వచ్చి 40 పౌండ్లే వచ్చినా, అసలు వెళ్ళకపోయినా, సున్నా అని రాసి పంపండి. వెళ్ళలేదని ముందే చెప్తే ఆ తేదీ ఇంకొకరికి దక్కుతుంది, మీకు మంచి పేరు మిగులుతుంది.

మీరు నమోదైన చారిటీ అయితే, లేదా పన్నుల శాఖ దగ్గర చారిటీగా గుర్తింపు ఉంటే, డబ్బాలో పడిన చిల్లర మీద కూడా ప్రభుత్వం నుంచి అదనంగా 25 శాతం తెచ్చుకోవచ్చు. చిన్న విరాళాల గిఫ్ట్ ఎయిడ్ పథకం అంటారు. ఒక్కో విరాళం 30 పౌండ్లు మించకూడదు, ఏడాదికి 8,000 పౌండ్ల విరాళాల దాకా. దాతల పేర్లు అక్కర్లేదు. కాకపోతే అదే ఏడాది మామూలు గిఫ్ట్ ఎయిడ్ (పేరు రాసిచ్చిన దాతల విరాళాల మీద వాళ్ళు కట్టిన పన్ను తెచ్చుకోవడం) కూడా క్లెయిమ్ చేసి ఉండాలి, దానికి పది రెట్లకి మించి ఇది రాదు. మన సంఘాలు చాలా దీన్ని వదిలేస్తున్నాయి, మీ ట్రెజరర్‌కి చెప్పండి.

లండన్‌లో ఉన్నవాళ్ళు ఇదంతా చదివి బరో కౌన్సిల్‌కి పరుగెత్తకండి. అక్కడ చట్టప్రకారం అధికారం మెట్రోపాలిటన్ పోలీస్‌ది, సిటీ ఆఫ్ లండన్‌లో మాత్రం అక్కడి కార్పొరేషన్‌ది. స్కాట్లండ్‌లో 1982 నాటి వేరే చట్టం, అక్కడ తిరస్కరిస్తే షెరిఫ్ కోర్టుకి అప్పీలు ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో పోలీసులే ఇస్తారు.

హైస్ట్రీట్‌లో టాబ్లెట్ పట్టుకుని నెలనెలా డైరెక్ట్ డెబిట్ కట్టమని ఆపే కుర్రాళ్ళకి శనివారం ఎలా దొరుకుతుందని కూడా అడిగారు. వాళ్ళు ఆ రోజు నగదు తీసుకోరు, బ్యాంకు వివరాలు తీసుకుంటారు. 1916 చట్టం "డబ్బు వసూలు" గురించి మాట్లాడుతుంది, వాళ్ళు దాని కిందికొస్తారా లేదా అన్నది ఇప్పటికీ స్పష్టంగా తేలలేదు. అందుకే చాలా కౌన్సిళ్ళు చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ (చందాలు సేకరించేవాళ్ళ వృత్తి సంఘం) తో ఒప్పందం రాసుకుని, వారంలో ఏ రోజుల్లో, ఎంతమంది, ఏ మూల నిలబడాలో కట్టడి చేస్తాయి. వాళ్ళది వేరే పట్టిక. మీ శనివారం తీసుకున్నది వాళ్ళు కాదు.

ఈ వారం మీరు చేయగలిగింది ఒకే మెయిల్. అందులో మూడు ప్రశ్నలు పెట్టండి: వచ్చే ఏడాది డిసెంబరుకి పట్టిక ఎప్పుడు తెరుస్తారు, ఈ డిసెంబరులో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏ రోజులు ఖాళీ, ఎవరైనా మానుకుంటే మా పేరు రాసుకుంటారా. ఫుడ్‌బ్యాంక్ ఉత్తరం జతచేయండి. జవాబొచ్చాక ఇక్కడ పెట్టండి, ఫారంలో ఏ గడి దగ్గర ఆగిపోయినా చూసి చెప్తాను.